ఎర్ర సుద్ద గీత

మొదటి లాక్‌డౌన్ ఎత్తేసి ఖటోదరాలో మా మిల్లు తెరిచారో లేదో, యజమాని శేఠ్‌కు కొత్త పిచ్చి పట్టింది. ఆస్పత్రులకు గౌన్ల గుడ్డ నేసి పంపాలట. అందుకు ఒక్కో విభాగం నుంచి ఒకరిని లాగి ఓ టీం కట్టి ఒకే గదిలో పెట్టాడు. మగ్గాల మేస్త్రి సోమలింగం, అమ్మకాలు చూసే ఓంకార్, గుడ్డలో లోపాలు పట్టే చెకింగ్ టేబుల్ నుంచి నేను. నా పరీక్షలో గుడ్డ పాసయ్యాక ఎవరి చోటికి వాళ్లు పోవచ్చన్నాడు.

ఇంతకంటే జైలు నయం. సోమలింగానికీ నాకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. లోపం కనబడితే నేను ఎర్ర సుద్దతో గుడ్డ మీద అడ్డగీత గీస్తాను. ఆ తాను నేసినవాడి కూలి కోస్తారు. గీసిన ప్రతిసారీ మేస్త్రి నా మీదికి కొట్లాటకొచ్చేవాడు. ఒకే ఊరి నుంచి ఇక్కడికి బతకనొచ్చినవాళ్లమైనా అన్నా అని పిలవడం ఎప్పుడో మానేశాను.

చెకింగ్ టేబుల్ దగ్గర నా కుర్చీలో అప్పుడే సంధ్య కూర్చుంది. దానికి పని నేర్పిందీ నేనే. "నిమ్మళంగ రా అక్కా, నేను సూసుకుంట" అంది తీయగా. ఒళ్లు మండింది. ఈ గుడ్డ తొందరగా పాసవకపోతే ఆ కుర్చీ ఇక నాది కాదు.

మగ్గాల నుంచి మొదటి గుడ్డ వచ్చింది. లోటా మూతికి బిగించి కట్టి పైన నీళ్లు పోశాను. కాసేపు నిలిచాయి, తర్వాత బొట్టుబొట్టుగా లోపలికి దిగాయి. చీర మెత్తగా జారాలని పేకను, అంటే అడ్డనూలును, వదులుగా కొట్టించే అలవాటు మేస్త్రిని వదల్లేదు.

"ఇది చీరనుకున్నవా?" అన్నాను.

"పాసనేయండి మేడమ్" అన్నాడు ఓంకార్ గొంతు తగ్గించి. "మాల్ పోతది, టీం ఖతమైతది. రేపే మీ కుర్సీల కూసోవచ్చు."

సోమలింగం తలుపు వైపు చూశాడు. అతనికీ ఈ గది నుంచి బయటపడాలనే ఉంది. నిజం చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది. గుడ్డ కింద చెయ్యి పెట్టి చూశాను. అరచెయ్యి తడిసింది. దీన్ని తొడుక్కుని రోగుల మధ్య తిరిగే నర్సు తలపుకొచ్చింది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఎర్రగా గీసేశాను.

శేఠ్ మండిపడ్డాడు. గుడ్డ కుదిరేదాకా ముగ్గురూ ఈ గది దాటొద్దన్నాడు. చెకింగ్ ఇకమీదట సంధ్యదేనని కూడా అక్కడే చెప్పేశాడు.

"నీ నోట్ల మన్ను వడ! మల్ల నీ మొకమే సూడాల్నా?" అన్నాడు సోమలింగం.

"నీ మొకం సూడనీకి నా కుర్సీ పోగొట్టుకున్ననా? పో, పేక బిగించి కొట్టియ్యి."

తిట్టుకుంటూనే మగ్గాల వైపు వెళ్లాడు. నేను మళ్లీ లోటా కడుక్కుని పెట్టుకున్నాను.