ఆపినవాళ్లవే దుప్పట్లు

మా అక్క చేతిని యంత్రం తినలేదు. మీరు తిన్నారు. ఈ లాండ్రీలో కూలి తీసుకునే ప్రతి ఒక్కరూ తలా ఇంత పంచుకుని తిన్నారు.

దుప్పట్లు ఇస్త్రీ చేసే వేడి రోలర్ దగ్గర మీరు పెట్టుకున్న ఆటే కదా ఇదంతా. రోలర్ ఆపితే లోపలున్న దుప్పటి మాడుతుంది. అందుకని ఆపినవాళ్లే ఆ పూట మిగిలిన తడి దుప్పట్లన్నీ చేత్తో పిండి ఆరెయ్యాలి. ఆపినవాళ్లవే దుప్పట్లు! యజమాని పెట్టిన రూలు కాదిది. మీరే సరదాకి పెట్టుకున్నారు. ఆయనకి కలిసొచ్చింది, నవ్వి ఊరుకున్నాడు.

మొన్న మధ్యాహ్నం అక్క దుప్పటి అంచు సర్దుతుంటే గుడ్డతోపాటు వేళ్లు లోపలికి పోయాయి. ఆ అరుపు విని, పెరట్లో దుప్పట్లు ఉతుకుతున్నదాన్ని పరిగెత్తుకొచ్చాను. మీ వీపులు తప్ప ఏమీ కనపడలేదు.

"ఎవరైనా ఆపండర్రా!" అంటోంది మడతలు పెట్టే పిన్ని, చేతులు చంకల్లో దోపుకుని.

"నువ్వే ఆపొచ్చుగా పిన్నీ," అన్నాడు వ్యాను డ్రైవరు.

"నా నడుం సంగతి తెలిసే అంటున్నావా?"

రోలర్ ఆపే ఎర్ర బొత్తానికి అందరికన్నా దగ్గరున్నది గుమాస్తా. మీరు డిక్షనరీ అని పిలిచేవాడు. వెనక మునివేళ్ల మీద లేచినవాళ్లని చూసి నవ్వాడు.

"మెడలు అంత సాగదీయకండి. ఇలా చూసేవాళ్లని ఇంగ్లీషులో రబ్బర్‌నెక్ అంటారు. రబ్బరు మెడ. అమెరికాలో పుట్టిన మాట. ఊరు చూడ్డానికి బండెక్కి అటూ ఇటూ మెడలు తిప్పేవాళ్లని ఎగతాళి చేస్తూ..."

"రబ్బరు మెడా! మన బాయిలర్ తాతకి సరిగ్గా సరిపోయింది!" అన్నారు మీలో ఎవరో.

నవ్వారు. అప్పటికి అక్క చెయ్యి మోచేతి దాకా లోపలికి పోయింది. కాలిన వాసన దుప్పటిది కాదు.

నేను తోసుకుంటూ వచ్చాను.

"తొయ్యకమ్మా, కళ్లజోడు పడిపోతుంది," అన్నాడు డిక్షనరీ.

వాడి చంక కింద నుంచి చెయ్యి దూర్చి బొత్తాం నొక్కాను. రోలర్ ఆగింది. వెనక నుంచి డ్రైవరు గొంతు:

"అయితే ఇవాళ్టి దుప్పట్లు చెల్లెమ్మవే."

తర్వాత నాలుక కరుచుకున్నాడట. కరుచుకుంటే?

ఆస్పత్రిలో మోచేతి పైదాకా తీసేశారు. నిన్న సాయంత్రం పిన్ని పళ్లు పట్టుకొచ్చింది.

"నువ్వక్కడే ఉన్నావుగా పిన్నీ?" అంది అక్క.

"ఉన్నానే తల్లీ. మొదట్నించీ చూస్తూనే ఉన్నా. అబ్బ, చూడలేకపోయాననుకో!"

అక్క గోడవైపు తిరిగింది. పళ్లు ముట్టుకోలేదు.

మీ మెడల సంగతి డిక్షనరీ చెప్పాడు. చేతుల సంగతి నేనడుగుతున్నా. అక్క చోటులో రేపు ఇంకో ఆడమనిషి నిలబడబోతోంది. ఆమె రాకముందే ఆ పాడు ఆట ఎత్తెయ్యండి. రోలర్ దగ్గర పనిచేసే మనిషి చేతికందేలా ఎర్ర బొత్తాన్ని మార్పించండి. మార్చేదాకా ఒక్కరు కూడా యంత్రం తిప్పొద్దు. యజమాని వచ్చి అరుస్తాడు. అరవనీండి. కదలకుండా నిలబడటం మీకు బాగా వచ్చుగా, అప్పుడు నిలబడండి!