కూత వేయగానే రండి

ఫ్యాక్టరీ కూత ఆపింది మీరే, ఓనరుగారూ. అద్దాల గదిలో చల్లగా కూర్చుని, ఫోన్లో ఒక్క ముక్క చెప్పి ఆపించారు. సైరన్ చెడిపోయిందని బొంకకండి. కరెంటు పోయిందని కథలు చెప్పకండి. ఎనిమిదేళ్ళ పిల్ల పుట్టినరోజుని మింగి నీళ్ళు తాగింది మీరే. ఎలా మింగారో మొదటినుంచీ వినండి, ఓపిక లేకపోయినా వినండి.

మీ చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే ఆవిడ ఉంది. హాల్లో అందరూ కాలరక్క అంటారు. మొగుడు లారీ ఎక్కితే ఏ నెలకో మొహం చూపిస్తాడు. ఇంట్లో అత్త, ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్ల ఒక్కచోట కాలు నిలపదు, గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. నాయనమ్మ విసుక్కుని బొంగరం అన్నది, ఆ పేరే ఖాయమైపోయింది.

కిందటేడు పుట్టినరోజుకి కాలరక్క ఇల్లు చేరేసరికి బొంగరం కొత్త గౌనులోనే నిద్రపోయి ఉంది. అంతకు ముందటేడూ అదే తంతు. అందుకని ఈసారి తల్లి వారం ముందే కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"ఈసారి నేనే తలుపు తీసి నీ స్నేహితులందరినీ లోపలికి పిలుస్తాను. ఒట్టు."

"నిజం ఒట్టా, ఉత్తుత్తి ఒట్టా?"

"నిజం ఒట్టే."

"కిందటేడు కూడా నిజం ఒట్టే అన్నావు."

కాలరక్క మర్నాడే లైన్ సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళి ఆ రోజు సాయంత్రం కూత తర్వాత పైపని ఉండదు కదా అని అడిగింది. "ఉండదమ్మా, నిక్షేపంగా వెళ్ళు" అన్నాడు. నలుగురి ముందు అన్నాడు, గుర్తుపెట్టుకోండి.

పిలుపు కార్డులకి అట్టలు ప్యాకింగ్ అక్క ఇచ్చింది. చొక్కా మడతలో నిటారుగా నిలవడానికి పెడతారే, ఆ అట్టలు. కాస్త వంకర పోయినవి చెత్తలోకి పోతాయి. అలాంటివి పదిహేను ఏరి పెట్టింది. ఒకవైపు మీ కంపెనీ ముద్ర, రెండోవైపు తెల్లగా ఖాళీ. ఆ ఖాళీ వైపు బొంగరం రంగు పెన్సిళ్ళతో బుడగలు గీసింది. కొన్ని బుడగలు వంకాయల్లా వచ్చాయి.

"ఇవి బుడగలా, కూరగాయలా?" అంది నాయనమ్మ.

"నీకు కళ్ళజోడు లేదులే నాయనమ్మా."

"కళ్ళజోడు పెట్టుకుంటే ఇంకా భయం వేస్తుందేమోనే!"

రాత మాత్రం తల్లిదే. కుట్టు ఎంత తిన్నగా వేస్తుందో అక్షరాలూ అంత తిన్నగా రాస్తుంది. "సాయంత్రం అయిదున్నరకి రండి" అని మొదలుపెట్టబోతే కూతురు చెయ్యి పట్టుకుంది.

"అలా రాస్తే ఎవరికి తెలుస్తుందమ్మా? కూత వేయగానే రండి అని రాయి."

నిజమే. ఆ వీధి మొత్తం మీ కూత మీదే బతుకుతుంది. పొద్దుటి కూతకి పొయ్యి ఆపుతారు, మధ్యాహ్నం కూతకి ముసలివాళ్ళు కంచం ముందు పెట్టుకుంటారు, సాయంత్రం కూతకి పిల్లలు పుస్తకాలు మూసి అమ్మలు వచ్చే దారికేసి పరిగెడతారు. తల్లులు పనిలో, వాళ్ళ ఫోన్లు మీ గేటు దగ్గర పెట్టెలో. ఇళ్ళల్లో మిగిలిన ముసలివాళ్ళలో సగం మందికి గడియారం చూడటం రాదు. ఇంకెక్కడైనా అయితే ఏ తల్లీ అలా రాయదు. కాలరక్క రాసింది. పద్నాలుగు కార్డుల మీదా ఒకే మాట: కూత వేయగానే రండి. మూల విరిగిన పదిహేనోది మిగిలిపోయింది.

బొంగరం గడప గడపకీ తిరిగి కార్డులు పంచింది. మూడో ఇంటి పిల్లాడు అడిగాడు, "బహుమతి తేవాలా?"

"తేకపోయినా పర్లేదు. మీ తమ్ముణ్ణి మాత్రం తేకు, కేకులో వేలు పెడతాడు."

వాడి మొహం చిన్నబోయింది. బొంగరం రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చింది. "సరే తీసుకురా. రెండు చేతులూ నువ్వే పట్టుకుని ఉండాలి మరి."

ఆ రోజు రానే వచ్చింది. కుట్టు హాల్లో గడియారం ఉండదు, మీరు పెట్టరు. పైన కిటికీలోంచి పడే ఎండే కాలరక్కకి గడియారం. ఎండ మూడో స్తంభం ఎక్కితే కూత పడుతుంది. ఆ సాయంత్రం ఎండ స్తంభం ఎక్కింది, దాటింది, గోడ మీద ఎర్రబడి చచ్చిపోయింది. కూత పడలేదు. చేతులు కాలర్లు తిప్పుతున్నాయి, చెవులు మాత్రం గేటు దగ్గరే ఉన్నాయి.

"సార్, కూత వేయలేదేంటి?"

సూపర్‌వైజర్ తల ఎత్తలేదు. "లారీ బయట నిలబడి ఉందమ్మా. సరుకు ఇవాళే వెళ్ళాలి."

"కూత సంగతి అడుగుతున్నాను సార్."

"వేస్తే మీరంతా లేస్తారు కదా" అన్నాడు. సిగ్గు పడకుండా, అదేదో చాలా తెలివైన మాట అన్నట్టు అన్నాడు.

ఆమె సూది ఆపి గేటు దగ్గరికి నడిచింది. తాళం వేసి ఉంది. వాచ్‌మన్ నేల చూపులు చూశాడు.

"తాళంచెవి పైకి తీసుకుపోయారు తల్లీ."

"సైరన్ స్విచ్ నీ చేతి పక్కనే ఉంది కదా బాబాయ్. ఒక్కసారి వెయ్యి. నా కూతురు..."

"చెయ్యి నాదేనమ్మా. ఉద్యోగమే నాది కాదు."

ముసలాయనని తిట్టడానికి ఆమెకి మనసు రాలేదు. తిట్టాల్సింది ఆయన్ని కాదు.

గేటు తీసేసరికి బాగా చీకటి పడింది. కాలరక్క పరుగులాంటి నడకతో వీధి మలుపు తిరిగి ఆగిపోయింది. గడప గడపకీ ఒక పిల్లో పిల్లాడో. తల దువ్వుకుని, మంచి బట్టలు వేసుకుని, చేతిలో అట్ట ముక్క పట్టుకుని కూర్చుని ఉన్నారు. మూడో ఇంటి పిల్లాడు తమ్ముడి రెండు చేతులూ పట్టుకుని అలాగే కునికిపాట్లు పడుతున్నాడు. అలికిడికి కళ్ళు తెరిచాడు.

"పిన్నీ, కూత ఎప్పుడేస్తారు?"

పద్నాలుగు ఇళ్ళల్లో పిల్లల్ని కట్టిపడేసిన మాట ఆమె చేత్తో రాసిందే.

ఇంట్లో బొంగరం తలుపుకెదురుగా స్టూలు మీద కదలకుండా కూర్చుని ఉంది. ఎన్నడూ కదలకుండా కూర్చోని పిల్ల. కేకు మీద మూత అలాగే ఉంది.

"కోద్దామంటే వినదే" అంది అత్త. "సాయంత్రం నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు."

కాలరక్క కూతురి ముందు మోకాళ్ళ మీద కూలబడింది. క్షమించమని అడగబోయింది. పిల్ల తల్లి చెంప మీద చెయ్యి వేసింది.

"నువ్వు లేటు కాదమ్మా. కూత ఇంకా వేయలేదు."

కొట్టినా బాగుండేది. ఏడ్చి రచ్చ చేసినా బాగుండేది.

"ఇప్పుడు పిలుచుకొద్దామా అందరినీ?"

"వద్దు. కార్డులో అలా రాయలేదు కదా." పిల్ల తలుపుకేసి చూసింది. "అమ్మా, కూత వేసేవాళ్ళకి మనం కార్డు ఇవ్వలేదు. వాళ్ళకి తెలీదేమో. అందుకే వేయలేదేమో."

కాలరక్క లేచి మూల విరిగిన అట్ట తెచ్చి కూతురికి ఇచ్చింది. ఈసారి రాత బొంగరానిది, అక్షరాలు కొండలెక్కి దిగాయి: 'రేపు నా పుట్టినరోజు. మీరు కూడా రండి. కూత వేయగానే రండి. మర్చిపోకుండా వేయండి.'

తెల్లారి పొద్దుటి కూత మాత్రం ఠంచనుగా పడింది. లోపలికి పిలిచే కూతని మీరెన్నడూ మర్చిపోలేదు. కానీ గేటు లోపలికి ఎవరూ కాలు పెట్టలేదు. రాత్రి ఇంటికెళ్ళిన ప్రతి తల్లికీ గడపలో కార్డు పట్టుకుని కూర్చున్న పిల్ల కనపడింది మరి. ప్యాకింగ్ అక్క తన పిల్లవాడి కార్డుని పిన్నీసుతో గుండె మీద గుచ్చుకుని వచ్చింది. ఆమెని చూసి మిగతావాళ్ళు ఇళ్ళకి పరుగెత్తి కార్డులు తెచ్చారు. పిల్లలు లేనివాళ్ళు కూడా పక్కన నిలబడ్డారు.

మీ మేనేజరు కిందికి దిగి వచ్చాడు. "ఏంటిదంతా? ఏం కావాలి మీకు?"

కాలరక్క ముందుకొచ్చి మూల విరిగిన అట్ట అతని చేతిలో పెట్టింది. అతను ముందు కంపెనీ ముద్ర చూశాడు. తిప్పి వంకాయ బుడగలు చూశాడు. చదివాడు.

"కేకు కోయలేదు సార్" అంది ఆమె. "మూత కింద అలాగే ఉంది. మీ కోసం ఆగింది."

అట్ట మేనేజరు చేతి మీదుగా మీ చేతికి వచ్చింది. చదవలేదని ఇక అనలేరు. పిల్ల రాత్రి రాసిన ఆ 'రేపు' ఇవాళే. ఇవాళ అయిదున్నరకి కూత వేయండి. వేసిన క్షణం గేటు తీయండి. తాళంచెవి పైగదిలో కాదు, గేటు పక్కన మేకుకి తగిలించండి. పైపని కావాలంటే ముందురోజే అడగండి, కుదరదన్నవాళ్ళని ఇంటికి పోనివ్వండి. రేపు కాదు, వచ్చే నెల కాదు. పద్నాలుగు గడపల్లో పిల్లలు తలలు దువ్వుకుని కూర్చోబోతున్నారు. కూత వేయండి.