మూరెడు తెల్లగుడ్డ

"కొత్త తెల్లగుడ్డ మూరెడు కావాల తాతా. నువ్వు ఏకిన మెత్తని దూది గూడా తీసుకురా" అంది నర్సమ్మ ఎడిత్. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రి వరండాలో నిలబడ్డ దూదేకుల ఫకీర్ సాహెబ్ చెవిన పడింది మొదటి మాటే.

మూరెడు తెల్లగుడ్డ! ఆ కొలత ఆయనకు కొత్తదా? కూతురు మున్నీకి ఇదివరకు పుట్టిన ఇద్దరు బిడ్డలకూ శవానికి చుట్టే కఫన్ గుడ్డ చించింది ఆయనే. ఇది మూడో కాన్పు. ఏడో నెలలోనే పుట్టిన ఆడపిల్ల. నిన్నటిదాకా పిల్లికూనలా మూలుగుతూ ఉండింది. ఉందా పోయిందా అని ఒక్క మాట అడగొచ్చు కదా! అడగలేదు మహానుభావుడు. తలొంచుకొని ఇంటికి పోను ప్రొద్దుటూరు బస్సెక్కాడు.

పెట్టెలోంచి గుడ్డ తీయడం చూసి భార్య హజరాబీ గొల్లుమంది.

"అయ్యో నా తల్లీ! ఇది గూడా పాయనా?"

"నాకేం తెలుసే? నర్సమ్మ తెమ్మనింది."

"పోయిందని చెప్పిందా?"

"చెప్పల్యా."

"నువ్వడగల్యా?"

"అడగల్యా."

"నీ నోరు పడిపోను! అడగనీకి ఏం రోగం?" అని తిట్టి, కొంగుతో ముక్కు తుడుచుకొని, ఆమె కూడా బయల్దేరింది.

ఆసుపత్రిలో ఆయన గుడ్డ అందించాడు. ఎడిత్ దాన్ని మడిచి, కొలిచి, సూదీ దారంతో సహా ఆయన చేతికే తిరిగిచ్చింది. "ఇట్లా సంచి మాదిరి కుట్టు తాతా. నా కుట్టు వంకర పోతాది."

ఫకీర్ సాహెబ్ వెనక్కి జరిగాడు. "కఫన్‌కు సూది తగలగూడదు తల్లీ. సచ్చినోళ్ల గుడ్డకు మేం కుట్టు వెయ్యం."

"సచ్చినోళ్లా? ఎవురు సచ్చినారు?" అని ఎడిత్ తెరను పక్కకు లాగింది. మున్నీ రొమ్ము మీద, దుప్పటి కింద, పిల్ల మూతి తిప్పుతోంది. ఫకీర్ సాహెబ్ అక్కడే కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఏడవడా మరి!

ఎడిత్‌ది కెనడా దేశం. అయినా తెల్ల దొరసాని కాదు. అక్కడి ఆదివాసులైన క్రీ జాతి మనిషి. ఆ చామనచాయ చూసి మైదుకూరు పక్క పిల్లేమో అనుకునేవాళ్లు జనం.

"మా అవ్వ ప్రతి బిడ్డకూ ఇట్లాంటి సంచి కుట్టేది" అంది ఎడిత్, ఆయన పక్కన నేల మీదే కూర్చొని. "అడవి నాచు ఎండబెట్టి లోపల పరిసేది. బిడ్డను మెడదాకా పెట్టి ముందర దారాలతో బిగించేది. మా ఊర్లో ఆర్నెల్లు మంచు కురుస్తాది. ఏడో నెలలో పుట్టిన నన్ను అట్లే బతికిచ్చింది. ఈడ నాచు యాడుంది? నీ దూది ఉంది గదా."

"మీ అమ్మ నేర్పిందా?" అన్నాడు ఫకీర్ సాహెబ్.

"అవ్వే నేర్పింది. తర్వాత తెల్లోళ్ల బడిలో మా మాట మాట్లాడితే కొట్టినారు తాతా. శానా మాటలు పోయినాయి. ఈ సంచి మాత్రం మర్సిపోలా."

ఆయన గుడ్డ ఒళ్లోకి తీసుకున్నాడు. సూదిలో దారం ఎక్కించి, బతికున్న పిల్లకు కుట్టడం మొదలుపెట్టాడు. ఎడిత్ వాళ్ల అవ్వ పూసలతో పూలు కుట్టేదని విని హజరాబీ ఎర్రదారంతో ఒక పువ్వు వేసింది. దూది పరిచి, పిల్లను సంచిలో పెట్టి దారాలు బిగించాక, ఎడిత్ వంగి దాని చెవిలో "నోసిసిమ్" అంది.

"ఏందమ్మా అది?" అని అడిగింది హజరాబీ.

"నా మనవరాలా అని. అవ్వ నన్ను అట్లే పిలిచేది. ఆమె పోయినాక ఆ మాట అనడం ఇదే మొదలు."

"అయితే రోజూ అను" అంది హజరాబీ. "మా పిల్లకు ఇద్దరు అవ్వలుంటే ఏం పాయ?"

పిల్ల పుట్టిన నలభయ్యో నాడు ఎడిత్ ప్రొద్దుటూరులో వాళ్లింటికి వచ్చింది. ఆమె దారాలు విప్పుతుండగానే పిల్ల కాళ్లు బారజాపి తన్నింది. సంచి అడుగు కుట్టు పిగిలి దూది బయటికొచ్చింది.

ఫకీర్ సాహెబ్ లేచి పెట్టె తెరిచి, ఎవరూ అడగకుండానే తెల్లగుడ్డ తీశాడు.

"ఇంక మూర సాలదే" అన్నాడు హజరాబీతో. "మూరన్నర చించుతాండా."