రాయి అనుకున్న గోడ

1949 ఎండాకాలంలో నిడమనూరు దగ్గర బావి తవ్వుతుండగా గోడ కూలి గౌరయ్య చనిపోయాడు. పైన తట్టలు లాగుతున్నది అతని భార్య కాటమ్మే. శవాన్ని బయటికి తీసేసరికి పొద్దు గూకింది. ఆమె ఏడవలేదు.

"రాయేదో మట్టేదో తెల్వనోడు బావి పనికెందుకు రావాలె?" అన్నాడు బావి తవ్విస్తున్న ఆసామి. ఆ మాట ఊరంతా తిరిగింది. కాటమ్మ విన్నది. విని, పొయ్యి ముట్టించింది.

పదిరోజులకు మిర్యాలగూడ నుంచి సర్వే సారు రామనర్సయ్య బండి కట్టించుకుని వచ్చాడు. ఎక్కడ నీళ్లు పడతాయో చూసే పని ఆయనది. కూలిన బావి చూపించడానికి ఎవరూ కదల్లేదు. కాటమ్మే తీసుకపోయింది.

కూలకుండా మిగిలిన గోడను ఆయన సుత్తితో కొట్టాడు. గట్టిగానే మోగింది. నల్లమచ్చలు, తెల్లగింజలు, అచ్చం పక్క గుట్ట రాయే. జానెడు లోపలికి తొలిచి ఒక పెళ్ల తీశాడు. వేళ్ల మధ్య పిండిలా నలిగిపోయింది.

"అది రాయా సారూ, మట్టా?"

"ఒకప్పుడు రాయేనమ్మా. పగుళ్లల్ల తడి చేరి తెల్లగింజలు సుద్ద అయినయ్. దానికి లక్షల ఏండ్లు పడ్తది. గీడ వానలు తక్కువ, ఆ సుద్ద కొట్టుకపోలే. రాయి తీరుగనే నిలబడ్డది. పైపొర ఎండకు బిగిసింది. నేనైనా రాయనే అనుకుందును."

కాటమ్మ ఆ పిండిని తన చేతిలోకి తీసుకున్నది.

"జర గా మాట ఆసామి ముంగట చెప్తరా?"

సారు చెప్పాడు, నలుగురి మధ్యలో, పెళ్ల చేతిలో పట్టుకుని. ఆసామి తలవంచుకున్నాడు. "నోరు జారిన కాటమ్మా," అన్నాడు. ఇప్పుడైనా ఏడుస్తదేమోనని ఆడవాళ్లు దగ్గరికి జరిగారు. ఆమెకు ఏమీ అనిపించలేదు. గెలిచినట్టూ లేదు.

"నిలువుగ తవ్వొద్దు," అన్నది మరిది మంగయ్యతో. "సుద్దగోడ ఆగదు. ఏటవాలుగ కోసుకుంట దిగుదాం."

"వదినే, నువ్వే గా బావిల దిగుతవా?"

"దిగుత."

నెలన్నరకు నీళ్లు పడ్డాయి. జనం దోసిళ్లతో తాగి, ఒకరి మీద ఒకరు చల్లుకున్నారు. కాటమ్మ కాళ్లకంటిన సుద్ద కడుక్కుని గట్టెక్కింది. దామరచర్లలో ఇంకో బావి ఉందని మంగయ్య అన్నాడు. ఆమె సరేనన్నది. తెల్లారి గడ్డపార భుజాన వేసుకుని అతని వెనక నడిచింది.