తేదీ లేని చట్టం

యాభై కిలోలకు మించిన బస్తా మనిషి వీపు మీద పెట్టకూడదని శాసనసభ చట్టం చేసింది. ఆ వార్త రేడియోలో విని, మర్నాడు గోదాములో ఒక హమాలీ క్వింటాలు బస్తాను సగం దారిలో దించేశాడు. వీపు చూసి అతన్ని అందరూ దూలం అనేవారు.

మేస్త్రీ కేకలు వేయలేదు. ఇకనుంచి యాభై కిలోల బస్తాకైనా సరే, దూలానికి చెయ్యి వేసినవాడికి పని ఉండదని చెప్పి వెళ్లాడు.

బస్తా వీపుకెక్కాలంటే అవతలి కొస ఇంకొకడు పట్టాలి. దూలానికి ఆ రెండో చెయ్యి సొంత బావమరిది. అతను తల వంచుకుని వేరే జతలో చేరాడు.

దూలం రోజూ వచ్చి బస్తాల పక్కన నిలబడేవాడు. సాయంత్రం ఇంటికి పోయేవాడు. టీ బల్ల మీద అతను కూర్చుంటే మిగతావాళ్లు లేచేవారు.

చట్టం ప్రతిపాదించిన శాసనసభ్యుడి దగ్గరికి ఒక్కడే వెళ్లాడు. చట్టం తమదేనని, అమలు తేదీ ప్రకటించే అధికారం మంత్రివర్గానికి వదిలామని ఆయన చెప్పాడు. వాళ్లు తేదీ వేయడం లేదు. నిలదీద్దామంటే సభను పిలవడం లేదు.

"అన్నం వండి, గరిటె వాళ్ల చేతికిచ్చారన్నమాట" అన్నాడు దూలం.

ఆయన కిటికీ వైపు చూశాడు.

ఈ సంగతి దూలం టీ బల్ల దగ్గర నిలబడే చెప్పాడు. మంత్రులు ఎప్పటికైనా తేదీ వేస్తారు, ఆగుదామన్నారు కొందరు. గోదాము కాంట్రాక్టరు ఎప్పుడూ మంత్రి ఇంట్లోనే ఉంటాడు, ఇంకేం వేస్తారని మరొకడు. బావమరిది మాత్రం సూటిగా అన్నాడు.

"నీ మాట వింటే మా పొయ్యిలో పిల్లి లేవదు, బావా."

వానలు మొదలయ్యాక లారీకి వేసిన చెక్క మీద బావమరిది కాలు జారింది. బస్తా నడుము మీద పడింది. దూలం పరుగెత్తి ఒక కొస పట్టాడు. ఒక్కడి వల్ల అది లేవదు. అందరూ మేస్త్రీ వైపు చూశారు. బావమరిది జతగాడు వచ్చి రెండో కొస పట్టాడు.

నేల మీద పడి ఉన్నవాడు దూలం చెయ్యి వదల్లేదు.

"బావా, తేదీ వేశారా?"

"లేదురా."

"అయితే మనమే వేద్దాం. ఇవాళే."

వీపుల మీద ఉన్న బస్తాలు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

సాయంత్రం పోలీసు జీపు వచ్చింది. అమలులో లేని చట్టం పేరు చెప్పి పని ఆపించాడని దూలాన్ని ఎక్కించుకుపోయారు. వెనక సీట్లో అతను ఒక్కడే. జీపు మలుపు తిరిగేదాకా హమాలీలు దాని వెంట నడిచారు.

మర్నాడు లారీలు వీధి చివరిదాకా ఆగిపోయాయి. హమాలీలంతా లోపలే, గోడ వెంట నిలబడ్డారు. మేస్త్రీ బతిమాలాడు, తిట్టాడు. చివరికి చొక్కా చేతులు మడిచి, తనే వంగి ఒక బస్తా కొస పట్టుకున్నాడు.

రెండో కొస కోసం చుట్టూ చూశాడు.