ఎలుక పడని ఇల్లు

గట్టయ్య డేరా మడతలో ముక్కు దూర్చి గట్టిగా పీల్చాడు. తర్వాత తల పైకెత్తి, కళ్ళు మూసుకుని, ఆ వాసన ఎక్కడిదో తనలో తనే విచారణ జరిపాడు. నెయ్యి, అత్తరు, చంటిపిల్లల ఉచ్చ. పెళ్ళివారి వాసనే, ఫరవాలేదు. అయినా మనసు ఒప్పలేదు. ఇంకో మడత విప్పి మళ్ళీ పీల్చాడు.

నాంపల్లి స్టేషను ఎదురు సందులో మొగులయ్య డేరాల దుకాణం. పెళ్ళిళ్ళకు, దర్గాల ఉర్సులకు, జిల్లాల మీద దౌరా వెళ్ళే అధికారులకు అక్కడినుంచే డేరాలు కిరాయికి పోతాయి. పోయిన డేరా తిరిగి వస్తే ముందు గట్టయ్య ముక్కు దాటాలి. తర్వాత ఎండలో పడాలి. అప్పుడుగానీ అతని కూతురు జంగమ్మ సూది పట్టుకుని చిరుగులు కుట్టడానికి కూర్చోకూడదు. ఈ ఆచారం దుకాణదారు పెట్టింది కాదు. డేరా ఎండలో ఉన్నన్ని రోజులూ కిరాయి దండుగేనని మొగులయ్య తిడతాడు, నవ్వుతాడు, చివరికి పాత మనిషి పోనిమ్మని ఊరుకుంటాడు.

గట్టయ్య సన్నగా, పొడుగ్గా, గాలికి ఒరిగిన గుంజలా కాస్త ముందుకు వంగి ఉంటాడు. తాళ్ళు లాగి లాగి అరచేతులు బండబారాయి. ఎవరు ఎదురుపడ్డా వాళ్ళ ముఖం చూడడు. ముందు మెడ చూస్తాడు, తర్వాత చేయి ఎత్తితే చంక వైపు చూస్తాడు. కొత్తవాళ్ళకు ఒళ్ళు మండుతుంది. తెలిసినవాళ్ళు మాత్రం గట్టయ్య కనబడగానే తామే మెడ సాచి, "చూసుకో, గడ్డ లేదు" అని ఆటపట్టిస్తారు. అతనికి నవ్వు రాదు. నిజంగానే చూసుకుంటాడు.

మూసీ వరదల తర్వాత కొన్నేళ్ళకు పట్నంలో ప్లేగు పడింది. మెడలోనో చంకలోనో గడ్డ లేచిందంటే మనిషి దక్కేవాడు కాదు. ఇంట్లో ఎలుక చచ్చిపడితే చాలు, తాళం వేసుకుని అందరూ నాంపల్లి అవతలి మైదానంలో డేరాల్లోకి పోవాలి. దాన్ని క్యాంపు అనేవాళ్ళు. గట్టయ్య గల్లీలో ఒకరింట ఎలుక పడితే వాళ్ళు బయటికి పొక్కనీయకుండా పెంటలో పూడ్చారు. వారం తిరగకుండా గల్లీ అంతా క్యాంపులో ఉంది. అక్కడే గట్టయ్య పెళ్ళాం వీరమ్మ, పాలు తాగే జంగమ్మను అతని చేతుల్లో పెట్టి కన్నుమూసింది. జంగమ్మ ఒక్కతే మిగిలింది. ఆ ఒక్కదాన్ని ఎలుకనుంచి, అంతకంటే ముందు ఎలుకను దాచే మనుషులనుంచి కాపాడుకోవడమే ఇన్నేళ్ళుగా అతని బతుకు. పిల్ల పెద్దదైంది, పెళ్ళయింది, మొగుడు బొంబాయి మిల్లుకని పోయి అటే ఉండిపోయాడు. మళ్ళీ తండ్రి పంచనే చేరింది. గట్టయ్య అనుమానానికి మాత్రం విరామం లేదు. ఇన్ని డేరాలు నిలబెట్టిన మనిషి ఒక్కదాంట్లో నడుం వాల్చింది లేదు. జాతరకు డేరా వేయడానికి పోయినా బండి కిందే పడుకునేవాడు.

వారం కింద దుకాణానికి వామన్‌రావు వచ్చాడు. చాదర్‌ఘాట్‌లో బడిపంతులు, ఆబిడ్స్ వెనక గల్లీలో సొంత ఇల్లు.

"డేరా ఒకటి కావాలె. ఎండకాలం సెలవులు గదా, గండిపేట చెరువు కాడ క్యాంపు వేద్దామనుకుంటున్నం" అన్నాడు.

క్యాంపు అనే మాట చెవిన పడగానే గట్టయ్య చేతిలో తాడు ఆగింది.

"సర్కారు పనా, పంతులూ?"

"పనేం లేదు. ఊర్కెనే."

"మొక్కున్నదా?"

"మొక్కు గిక్కు ఏం లేదయ్యా. చల్లటి హవా కోసం. ఇంగ్లీషోళ్ళు పోతరు, పిల్లాజెల్లాతోని. చక్రాల మీద ఇల్లు గట్టుకోని మరీ పోతరు."

ఏదో ఇంగ్లీషు పత్రికలో మోటారు వెనక కట్టిన చక్రాల ఇంటి బొమ్మ చూశాడట పంతులు. మోటారు లేదు కనుక ఎడ్లబండికి పైకప్పు వేయించి, గోడలకు అరలు కొట్టించి, కిటికీకి పరదా కూడా కట్టించాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

ఆ రాత్రి అన్నం దగ్గర గట్టయ్య తేల్చి చెప్పాడు. "జాతరకు పోయేటోడు దేవుని కోసం పోతడు. పోలీసు అమీను హుకుం మీద పోతడు. లంబాడోళ్ళు పసుల మేతకు పోతరు. పెంకుటిల్లు ఇడిసి ఊర్కెనే చెట్ల కింద పండేటోడు ఎవడుంటడు? ఏదో దాస్తుండు గాయన."

"నీకు అందరు దొంగలే నాయనా" అంది జంగమ్మ.

"అందరు కాదు బిడ్డా. ఎలుక పడ్డోళ్ళే."

ఇప్పుడు పెళ్ళివారి డేరాను ఎండలో వేసి, వామన్‌రావు కోసం తీసిపెట్టిన చిన్న డేరాను తోపుడుబండి మీద వేసుకుని ఆబిడ్స్ వైపు బయల్దేరాడు. గండిపేట పోయేముందు ఒకసారి పెరట్లో నిలబెట్టి చూపించమని పంతులు కబురు పెట్టాడు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఎడమ చేయి తెల్లవారినప్పటినుంచీ లాగుతోంది. రాత్రి ఆ పక్కకు పడుకున్నందుకేమో అనుకున్నాడు. గడియారం దుకాణం, రొట్టెల దుకాణం, టోపీ పెట్టుకున్న దొరసాని అన్నీ దాటుకుంటూ గల్లీలోకి తిరిగాడు.

పెరట్లోకి అడుగుపెట్టగానే అతని ముక్కు పని మొదలుపెట్టింది. వేపాకు పొగ. బేగంబజారు ముద్రలున్న బియ్యం బస్తాలు ఇంట్లోంచి బయటికి తెచ్చి ఎండలో పరిచి ఉన్నాయి. పరదా కట్టిన బండి ఒక మూల కొత్తపెళ్ళికూతురిలా నిలబడి ఉంది. ఇంటి తలుపులన్నీ తెరిచి ఉండగా, పడమటి గది తలుపు మాత్రం మూసి ఉంది.

బియ్యం ఉన్నచోటే ఎలుక ఉంటుందనుకుంటూ గట్టయ్య ఆ తలుపు వైపు చూశాడు.

డేరా దించి, మేకులు లెక్కపెడుతున్నట్టు వంగి చెవి అటు పెట్టాడు. వంటింటి వసారాలో పంతులు భార్య విద్యావతి మొగుడితో గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "అత్తమ్మకు జర గూడ తెల్వనియ్యకుండ్రి. బండి గడప దాటినంక చెప్తం."

మూసిన గదిలోంచి సన్నగా దగ్గు వినిపించింది.

ఇంకేం కావాలి? నిప్పు లేనిదే పొగ రాదు. ముసలామెకు జ్వరం తగిలింది, వీళ్ళు హవా అని పేరుపెట్టి ఇల్లు విడిచి పారిపోతున్నారు. నాలుగు రోజుల తర్వాత ఈ డేరా మడతపెట్టి ఇచ్చేస్తారు. అది జంగమ్మ ఒళ్ళోకి వస్తుంది.

విద్యావతి చెంబుతో నీళ్ళు తెచ్చింది. గట్టయ్య ఆమె మెడ చూశాడు. ఆమె కొంగు సర్దుకుంది.

"దూప లేదమ్మా" అన్నాడు పొడిబారిన నాలుకతో. "ఒక మాట అడుగుత. ఇంట్ల ఎలుక గిట్ల పడ్డదా?"

"నీ నోట్ల మన్ను వడ! మంచిగ ఊరికి పోతుంటే గదేం మాట?"

"మరి బియ్యం బయటికెందుకొచ్చినయి?"

"పురుగు పడితే ఎండబెట్టరా? మీ ఇంట్ల ఏం జేస్తరు?"

గట్టయ్య కొయ్యసుత్తి కింద పెట్టేశాడు. "డేరా ఇయ్యనమ్మా. తిరిగి తీస్కపోత."

అలికిడికి వామన్‌రావు వచ్చాడు. మొగులయ్యతో మాట అయిపోయిందన్నాడు, కోపం చేశాడు, బతిమాలాడు కూడా. గట్టయ్య కదల్లేదు. జీవితంలో ఏ దొరకూ ఎదురుచెప్పని మనిషి, ఈ పెరట్లో వేలెత్తి మూసిన తలుపును చూపించాడు.

"గా తలుపు తియ్యుండ్రి. లోపల ఎవరున్నరో నా కండ్లతోని చూస్త. అప్పుడే మేకు గొడ్త."

"ఎవడ్రా నువ్వు, మా ఇంట్ల తలుపులు తీయించనీకి?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే అనిపించింది గట్టయ్యకు. అతను ఇంకో మాట అనేలోపు ఆ తలుపు లోపలినుంచే తెరుచుకుంది. ముతక తెల్లచీర కట్టుకున్న ముసలామె గడప పట్టుకుని బయటికి వచ్చింది. వామన్‌రావు తల్లి వసుమతి. ఎండకు కళ్ళు చిట్లించి బండిని చూసింది, కొడుకును చూసింది, చివరికి నేలమీద పడి ఉన్న డేరాను చూసింది. ఆమె చూపు అక్కడే ఆగింది.

"ఇదేంది?"

వామన్‌రావు మెట్ల దగ్గరికి వచ్చాడు. గండిపేటకు పోతున్నామని, తల్లిని కాచిగూడలో అక్క దగ్గర దింపుదామనుకున్నామని చెప్పాడు. "నువ్వు ప్లేగు క్యాంపుల ఉన్నదానివి. డేరా చూస్తే భయపడతవని, పానం బాగలేదు గదా అని చెప్పలేదమ్మా."

"నాకు భయమని ఎవరు చెప్పిన్రు?" అంటూ వసుమతి మెట్లు దిగింది. వంగి డేరా అంచును వేళ్ళతో తడిమింది. "కాపురానికొచ్చిన రెండో యేడు అది. అప్పటిదాక పొయ్యి ముందల తప్ప కూసున్నది లేదు నేను. మైదానంల మడి లేదు, ఎంగిలి లేదు, అత్తకు మేము ఏడున్నమో తెల్వదు. ఆడోళ్ళమందరం ఒక్క పొయ్యి మీద వండుకున్నం. డేరా పరదా ఎత్తి పండుకుంటే అన్ని చుక్కలు. మా ఆయన మొదటిసారి నాతోని పగటిపూట మాట్లాడింది గాడనే. అటువంటి నెల నా బతుకుల మళ్ళ రాలేదు."

గట్టయ్యకు ముఖం మీద కొట్టినట్టయింది.

"మీకు పండుగ అయినట్టున్నదమ్మా" అన్నాడు. "నా ఇంటిది గాడనే పోయింది. చంటిపిల్ల ఉండె. మట్టి గూడ నన్ను వెయ్యనియ్యలేదు."

వసుమతి అతని వైపు తిరిగింది.

"ఏ దిక్కు ఉంటిరి మీరు?"

"కింది వరుసల. నీళ్ళ పీపాల కాడ."

"మాది మీది వరుస. మీ దిక్కుకెళ్ళి ఏడుపులు వినబడుతుండె. ఎవరో పోయిన్రని అనుకుంటుంటిమి, మళ్ళ మా ముచ్చట్ల మేము పడుతుంటిమి." ఆమె డేరా అంచు వదిలింది. "నీ పేరేంది?"

"గట్టయ్య."

"గట్టయ్యా, నాకున్నది ముసలి దగ్గు. మెడ చూసుకో. మా ఇంట్ల ఎలుక పడలేదు. పడితే నీకు చెప్పకుంట ఉండ."

ఆమె నవ్వలేదు, ఆటపట్టించలేదు. ఎండలో మెడ సాచి అలాగే నిలబడింది. గట్టయ్య జీవితంలో మొదటిసారి ఒకరి మెడ మీదినుంచి చూపు తిప్పుకున్నాడు. అతనికి సిగ్గేసింది. సిగ్గుతోపాటు, ఎన్నో ఏళ్ళ బరువు దించినట్టు తేలిగ్గా కూడా అనిపించింది. సుత్తి అందుకున్నాడు.

"నేను గూడ వస్తున్న గండిపేటకు" అంది వసుమతి కొడుకుతో. వద్దనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

డేరా లేచేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఆఖరి మేకు కొట్టి గట్టయ్య చతికిలబడ్డాడు. చొక్కా తడిసి ముద్దయింది. ఎడమ చేయి ఇప్పుడు భుజం దాకా పీకుతోంది. విద్యావతి మళ్ళీ చెంబు తెచ్చి, కాస్త దూరంగా పెట్టి వెళ్ళింది. గట్టయ్య ఆ నీళ్ళన్నీ తాగాడు.

"ఎండ ఉన్నది. మేము తిని వస్తం, నువ్వు జర డేరాల ఒరుగు" అంది వసుమతి.

"నాకు అలవాటు లేదమ్మా."

"నీడనే గదా."

వాళ్ళు లోపలికి పోయాక గట్టయ్య డేరా ముందు నిలబడ్డాడు. దాని వాసన దుకాణంలోనే చూశాడు. అయినా ఇంకోసారి పరదాకు ముక్కు ఆనించాడు. ఎండిన గుడ్డ వాసన తప్ప ఇంకేం లేదు.

లోపల నేలమీద వెల్లకిలా పడుకుంటే, ఎండ గుడ్డలోంచి వడగట్టినట్టు పచ్చగా దిగుతోంది. ఈ వెలుగు తనకు తెలుసు. ఇన్నేళ్ళూ క్యాంపు అంటే వీరమ్మ పోయిన రాత్రే గుర్తు. అంతకుముందు అక్కడ రోజులు గడిచాయన్న సంగతే మరిచాడు. క్యాంపుకు వచ్చిన మొదటి పొద్దున వీరమ్మ కొంగు బిగించి డేరాలో మన్నంతా ఊడ్చింది. సర్కారువాళ్ళు చల్లిన సున్నం చిటికెతో ఎత్తి గుమ్మం ముందు ముగ్గు వేసింది. "గిది మన కొత్తిల్లు. కిరాయి లేదు, గోడ అవతలికెళ్ళి అరిచే అత్త లేదు" అని నవ్వింది. నవ్వింది! నిజంగానే నవ్వింది వీరమ్మ. గట్టయ్యకు కళ్ళు నిండాయి. చెమ్మ కణతల మీదికి జారుతుంటే తుడుచుకోకుండా అలాగే పడుకున్నాడు. నిద్ర రావడానికి ఎంతోసేపు పట్టలేదు.

పొద్దు వాలాక విద్యావతి లేపడానికి వచ్చి, పిలిచి, తాకి, కేక పెట్టింది.

గోడల మీదుగా తలలు లేచాయి. డేరాలో మనిషి చచ్చాడన్న మాట గల్లీ చివరికి చేరేసరికి, డేరాలో ఎందుకు పడుకోబెట్టారన్న ప్రశ్న అయింది. బియ్యం బస్తాలు బయటెందుకున్నాయో, బండి ఎందుకు సిద్ధమైందో అందరికీ ఒక్కసారే అర్థమైపోయింది. పక్కింటివాళ్ళు అప్పుడే తలుపులు మూసుకున్నారు. వామన్‌రావు కూడా, తన ఇంట్లో ఎలుక పడలేదని తెలిసినవాడు, నాలుగడుగులు వెనక్కి వేసి పంచె చెంగుతో ముక్కు మూసుకున్నాడు.

వసుమతి ఒక్కతే లోపలికి పోయింది. గట్టయ్య పక్కన కూర్చుని అతని మెడ తడిమి చూసింది. చేయి ఎత్తి చంక చూసింది. మళ్ళీ చేతిని మెల్లగా గుండెమీద పెట్టింది.

"గడ్డ లేదు. గుండె ఆగింది, గంతే" అంది బయటివాళ్ళకు వినబడేలా. ఎవరూ నమ్మలేదు.

కబురందిన జంగమ్మ నాంపల్లినుంచి పరుగెత్తుకొచ్చింది. వాకిట్లో ఎవరో చేయి అడ్డం పెట్టారు. "పోకు బిడ్డా, ప్లేగు కావచ్చు."

"చేయి తియ్యుండ్రి" అంది జంగమ్మ రొప్పుతూ. "మా నాయన వాసన చూడకుంట ఏ డేరాలకు పోడు."

చేయి విదిలించుకుని పెరట్లోకి నడిచింది. పరదా దాకా వచ్చి, వంగబోయి, ఆగిపోయింది. డేరాలు వేసేటప్పుడూ తీసేటప్పుడూ తండ్రి వాటి లోపల చెప్పులతోనే తిరిగేవాడు. ఇవాళ ఆ అరిగిన తోలు చెప్పులు రెండూ ఇంటి గుమ్మం ముందు విడిచినట్టు పరదా బయట పక్కపక్కనే ఉన్నాయి.