రెండు రేవుల మధ్య దుర్భిణి

నేను ఒక దుర్భిణిని. ఆ మాట ఈ కాలం పిల్లలకు ఎక్కదు, "బైనాక్యులర్సా!" అంటారు. ఏ పేరైతేనేం లెండి, పని ఒకటే. దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి తెచ్చి చూపిస్తాను. చేయి చాపితే అందదు. అది నా తప్పు కాదు. కాదని ఎన్నిసార్లు అనుకున్నా, ఎవరో ఒకరు నన్ను కళ్ళకు పెట్టుకుని ఉసూరుమన్నప్పుడల్లా తప్పంతా నాదే అన్నట్టు బాధపడతాను.

కలకత్తాలో ఓ ఇరుకు సందులోని కార్ఖానాలో పుట్టాను. ఇత్తడి ఒళ్ళు, దానిమీద నల్లతోలు తొడుగు, రెండు అద్దాల కళ్ళు, వాటి మధ్య ఒక బందు. ఆ బందును కాస్త గుర్తుపెట్టుకోండి. మనిషికి నొసలు ఎలాగో నాకు అదలాగ.

నా మొదటి యజమాని ధవళేశ్వరంలో ఇంజనీరుగారు. వరద ఎంత వచ్చిందో చూడమని సర్కారువారు నన్ను ఆయన చేతికిచ్చారు. ఆయన వరదనూ చూశారు, కాదనను. కానీ ఎండాకాలం వచ్చిందంటే ఎదురింటి డాబా మీదికే నన్ను తిప్పేవారు. ఛ, ఛ, మీరనుకున్నది కాదు! ఆ డాబా మీద మాగాయ ముక్కలు ఎండబెట్టేవారు. ఆ ఇంటావిడ మాగాయ అంటే ఆయనకు ప్రాణం. పాపం, అడిగి తినడానికి హోదా అడ్డొచ్చేది. ఆయన పోయాక కొడుకు నన్ను అటకెక్కించాడు. అటక మీద చూడ్డానికేముంది, చీకటీ బల్లులూనూ. చివరికి పాత సామాన్ల బండిలో చిల్లుపడ్డ బిందె పక్కన కూర్చుని రాజమండ్రి వీధుల్లో ఊరేగుతుంటే కొండబాబు కంట పడ్డాను.

కొండబాబు 'శ్రీ నాగమణి' అనే షికారు పడవ మీద గైడు. సాయంత్రం పూట పుష్కరఘాట్ దగ్గర జనాన్ని ఎక్కించుకుని, గోదారిలో తిప్పి, వంతెనలూ గుళ్ళూ చూపించి దింపుతారు. మైకు పట్టుకున్నాడంటే వాణ్ణి ఆపడం ఎవరి తరమూ కాదు.

"ఆయ్, అటు సూడండి, హేవలాక్ బ్రిడ్జండి! దొరల కాలం నాటిది. ఇప్పుడు రైలు నడవట్లేదండి, రిటైరైపోయి ఇశ్రాంతి తీసుకుంటంది. దాని పక్కన వంపులు వంపులుగా ఉన్నది ఆర్చి బ్రిడ్జి. ఇప్పుడు ఎనక్కి తిరగండి. పైన బస్సు, కింద రైలు! అత్తా కోడళ్ళు ఒకే ఇంట్లో ఉన్నట్టు లేదండీ?"

జనం నవ్వుతారు. నవ్వి, వంతెనకు వీపు పెట్టి ఫోటో తీసుకుంటారు. డబ్బిచ్చి టిక్కెట్టు కొని, చూడవలసినదానికి వీపు చూపించే జీవి సృష్టిలో మనిషొక్కడే అనుకుంటాను. మా పడవ అన్ని వంతెనలూ చూపిస్తుంది, ఒక్కటీ దాటించదు. కొవ్వూరు వైపు బాగా లోపలికి వెళ్ళి, అవతలి గోష్పాదం రేవు మెట్లు కనిపించే దూరంలో చక్రం తిప్పి వెనక్కి వచ్చేస్తుంది.

నన్ను పట్టుకోవడం చాలామందికి చేతకాదు. గట్టిగా నొక్కితే బాగా కనబడుతుందనుకుంటారు. పౌడరు, విభూతి, కాటుక, కుంకుమ, ఎవరి ముఖాన ఏముంటే అది నా బందుకు అంటుకుంటుంది. కొండబాబు భుజం మీది తువ్వాలుతో నన్ను ఓ తుడుపు తుడిచి ఇంకొకరికిస్తాడు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. నన్ను కళ్ళకు పెట్టుకున్నవాళ్ళు తమలో తాము మాట్లాడుకుంటారు. ఎదుట ఉన్నవాళ్ళకు వినబడదు. నాకు వినబడుతుంది.

అలాగే మాణిక్యాంబగారిని ఎరుగుదును.

ఆవిడ మొదటిసారి పడవెక్కినప్పుడు కింది అంతస్తులో వెనకాల కమ్మీ పక్కన కూర్చుని, మొత్తం షికారంతా తల వంచుకునే ఉంది. పడవ కొవ్వూరు వైపు తిరుగుతుండగా మాత్రం లేచి, "బాబూ, ఆ దుర్భిణి ఓసారి ఇస్తావా?" అంది. దుర్భిణి! ఎన్నాళ్ళకు నా అసలు పేరు విన్నాను! ఆవిడ నన్ను నొసటికి గట్టిగా నొక్కుకుంది. తిరిగి ఇచ్చేటప్పుడు నా బందుకు చెమట తప్ప ఏమీ అంటలేదు. బొట్టు లేని ముఖం.

ఆవిడ చూసింది గోష్పాదం రేవులో ఒక మెట్టు. ఆ మెట్టు మీద సంజెవేళ ఒకావిడ వచ్చి, దీపం వెలిగించి నీళ్ళలో వదిలి, కాసేపు కూర్చుని వెళుతుంది.

"వచ్చావుటే," అంది మాణిక్యాంబ నాలోంచి చూస్తూ. "చలిగాలికి చెవులకు గుడ్డ కట్టుకోవద్దూ? అయ్యో, మెట్టు దిగడానికి గోడ పట్టుకుంటోంది. మోకాళ్ళు పట్టేశాయి కాబోలు."

అంతే. పడవ తిరిగిపోయింది. తరవాత వారం ఆవిడ మళ్ళీ వచ్చింది. ఆ తరవాతా వచ్చింది. కొండబాబు ఊరుకునే రకమా? ఒకరోజు అడిగేశాడు.

"ఎవరండీ అమ్మగారూ, ఆవిడ?"

"మా చెల్లెలు బాబూ. త్రిపుర."

"మరి ఎల్లి కలవచ్చు కదండీ? ఆటో ఎక్కితే ఎంతసేపండీ! ఇన్ని బ్రిడ్జీలున్నాయి."

"అలిగింది," అంది మాణిక్యాంబ. అని ఊరుకోలేక, కమ్మీ పట్టుకుని నీళ్ళ వంక చూస్తూ చెప్పుకొచ్చింది. "మా అమ్మాయి పెళ్ళికి దాన్ని బొట్టు పెట్టి పిలవాలి కదా. మా ఆయన పోయి అప్పటికి ఏడాదైనా కాలేదు. నా చేత్తో బొట్టు పెడితే దానికి కీడు కదా బాబూ! పసుపు కుంకాలతో చల్లగా ఉండాల్సిన పిల్ల. అందుకని మా తోటికోడలికి కుంకుమభరిణె ఇచ్చి పంపాను. దానికి కోపం వచ్చింది. 'నన్ను పెంచిన అక్క, గుమ్మం తొక్కకుండా ఎవరిచేతో పిలిపిస్తుందా' అంది. పెళ్ళికి రాలేదు. పెళ్ళికి రాలేదని నాకు కోపం వచ్చింది. గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది."

కొండబాబు ఆ పూట మైకులో జోకులు వెయ్యలేదు. ఆ తరవాత నుంచి అడక్కుండానే, పడవ తిరిగే వేళకు నన్ను తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టేవాడు. నిజం చెప్పొద్దూ, వారమంతా ఆ వేళ కోసమే చూసేదాన్ని. వంతెనలు చూపించి చూపించి నాకు మొహం మొత్తింది. ఆవిడ మాత్రం నాలోంచి ఒక మనిషిని చూసేది.

ఇక అసలు సంగతికి వస్తాను. కార్తీకమాసం, సోమవారం. పడవ కిటకిటలాడుతోంది. పై అంతస్తులో ఒక పెద్దావిడ, పక్కన పరికిణీ వేసుకున్న మనవరాలు. మార్కండేయస్వామి దర్శనం చేసుకుని తిన్నగా వచ్చినట్టున్నారు. పెద్దావిడ నొసట గుళ్ళో పెట్టిన కుంకుమబొట్టు ఇంకా తడి ఆరలేదు, అర్ధరూపాయి బిళ్ళంత ఉంది. పడవ కదలగానే నన్ను అడిగి తీసుకుంది. అందరూ వంతెన వైపు చూస్తుంటే ఈవిడ నన్ను వదిలొచ్చిన ఒడ్డుకే తిప్పింది. పుష్కరఘాట్ వెనకాల ఒక పాత డాబా మీద తులసికోట, దండెం మీద ఒక తెల్లచీర. నన్ను నొసటికి అదిమేసింది.

"చీర ఆరేసుంది. మనిషేదీ? ఈ వేళకి డాబా మీద ఉండాలే! ఒంట్లో బాగుండలేదేమో అక్కకి."

అక్కకి! నా అద్దాలు ఝల్లుమన్నాయి. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు గానీ, ఆ ముఖాన్ని దూరం నుంచి ఎన్ని సాయంత్రాలు చూపించాను!

"ఎవరికోసం మామ్మా అలా చూస్తున్నావు?" అంది మనవరాలు.

"మా అక్కే లిఖితా, మీ పెద్దమామ్మ. ఆదివారం నీ ఓణీల ఫంక్షనుకి ఎలా పిలవాలో తెలీక చస్తున్నాను. బొట్టు పెట్టి పిలుద్దామంటే పెట్టనివ్వదు, నాకు తెలుసు. పెట్టకుండా పిలిస్తే, అప్పటి కక్ష ఇప్పుడు తీర్చుకున్నట్టు ఉంటుంది. పిలవకపోతే నా ప్రాణం ఒప్పదు. నేనూ మూర్ఖురాలినే. అప్పుడు నేనే ఆటో ఎక్కి పోయి, 'ఏమే అక్కా, నీకు నేను పరాయిదాన్నా' అని నాలుగు తిట్టి, పెళ్ళి పందిట్లో కూర్చుంటే పోయేది."

ఇంతలో పడవ కొవ్వూరు వైపు తిరగబోతోంది. కొండబాబు పరుగున వచ్చాడు. "సారీ అండి మామ్మగారూ, కింద ఒకరికి అర్జెంటండి!" అని నన్ను దాదాపు లాక్కున్నాడు. ఆలస్యమైతే మాణిక్యాంబగారి మెట్టు దాటిపోతుందని వాడి ఆత్రం. ఆ ఆత్రంలో తువ్వాలు సంగతి మరిచాడు. నా బందు నిండా తడి కుంకుమ.

నాకు నోరుంటేనా! "ఒరే కొండబాబూ, ఆ చెల్లెలు ఇక్కడే ఉందిరా, నీ నెత్తి మీదే ఉంది" అని అరిచేదాన్ని. కోసులకొద్దీ దూరం చూడగల నాకు, నిచ్చెన మెట్లంత దూరంలో ఉన్న ఇద్దర్ని కలపడం చేతకాలేదు. బతుకంతా చూపించడమే తప్ప చెప్పడం రాదు నాకు.

మాణిక్యాంబ నన్ను అందుకుంది. గోష్పాదం రేవు. మెట్లు. దీపాలు. ఎవరెవరో ఆడవాళ్ళు. ఆ మెట్టు మాత్రం ఖాళీ.

"లేదే," అంది. ఇంకా గట్టిగా నొక్కుకుంది నన్ను. "రాలేదు. కార్తీక సోమవారం పూట రాకుండా ఉంటుందా! ఏమైంది దీనికి?" ఆవిడ నన్ను అటూ ఇటూ తిప్పడంతో నాకు రేవంతా ఊగిపోయి కనబడింది. "బాబూ, పడవ ఒక్క క్షణం ఆపించవా? సరిగ్గా చూడలేదేమో నేను."

"తిరిగిపోయిందండి అమ్మగారూ," అన్నాడు కొండబాబు. ఆవిడ నన్ను ఒళ్ళోకి దించుకుని కూర్చుంది. వాడు ఆవిడ ముఖం వంక వేలు చూపించాడు. "అమ్మగారూ... నొసటన..."

ఆవిడ వేలితో తడుముకుని చూసుకుంది. ఎర్రగా ఉంది. కనుబొమల మధ్య కుంకుమ గుండ్రంగా కాకపోయినా నిండుగా అంటుకుంది. ఎన్నేళ్ళ తరవాతో! ఆవిడ ముఖం తెల్లబోయింది. గబుక్కున పైటకొంగు తీసింది.

అప్పుడే నిచ్చెన మీద పట్టీల చప్పుడు. లిఖిత దిగుతోంది. "అంకుల్, నేనింకా చూడనే లేదు, ఇలా ఇవ్వండి!" వెనకాల కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగుతూ త్రిపుర.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నా అవసరం లేకుండానే.

మాణిక్యాంబ కొంగు నొసటిదాకా వెళ్ళి ఆగింది. సిగ్గో, భయమో, దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు కొంగుతో నొసలు కప్పుకోబోయింది.

"తుడవకే అక్కా!" అని అరిచింది త్రిపుర. పడవలో సగం మంది ఇటు తిరిగారు. ఆవిడ అక్క ముఖమూ చూసింది, అక్క ఒళ్ళోని నన్నూ చూసింది, తన నొసలు తడుముకుంది. అర్థమైంది. "అది నాదే. మార్కండేయస్వామి గుళ్ళోది. ఆదివారం మా లిఖితకి ఓణీలు. నిన్ను బొట్టు పెట్టి పిలిచేశాను. అయిపోయింది. ఇంక నువ్వు రానంటే చూడు!"

"నేనా... శుభకార్యానికి ముందు నేను..."

"ఆ మాట ఇంకొక్కసారి అన్నావంటే ఇక్కడే గోదాట్లో దూకుతాను."

"ఆ మోకాళ్ళతో కమ్మీ ఎక్కగలవుటే నువ్వు?" అంది మాణిక్యాంబ, అలవాటున నోరు జారి.

త్రిపుర ఆగిపోయింది. "నా మోకాళ్ళ సంగతి నీకెలా తెలుసు?"

మాణిక్యాంబ నన్ను రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. త్రిపుర నా వంక చూసి, నది అవతల దూరంగా మినుకుమంటున్న రేవు వంక చూసి, అక్క పక్కన చతికిలబడిపోయింది. "నన్ను చూడ్డానికి వస్తున్నావా?" అంది. "పిలవొచ్చు కదే. ఒక్క కేక వెయ్యొచ్చు కదే!" అంటూ అక్క భుజం మీద తల పెట్టి ఏడ్చింది. మాణిక్యాంబ చెల్లెలి చెవుల మీదికి కొంగు లాగి కప్పింది, చలిగాలి కదా.

కొండబాబు మైకు పట్టుకుని ఏదో చెప్పబోయి, మానేసి పాటలు పెట్టేశాడు.

ఆ తరవాత మాణిక్యాంబ పడవెక్కడం మానేసింది. మంచిదే కదా! మంచిదేనని నాకూ తెలుసు. అయినా పడవ కొవ్వూరు వైపు తిరిగే వేళకు ఇప్పటికీ ఆవిడ చేతుల కోసం చూస్తాను. రోడ్డు వంతెన మీద ఆటో పోతుంటే అందులో ఆవిడే ఉందేమోననుకుంటాను. నన్ను అటు తిప్పేవాళ్ళెవరు? పిల్లలు నన్ను తలకిందులు చేసి, తిరగేసి చూసి నవ్వుకుని ఇచ్చేస్తారు. ఒక కన్నుకు బూజు పట్టింది. కొత్తవి ఆన్‌లైన్‌లో వస్తున్నాయని కొండబాబు అంటుంటే విన్నాను.

మొన్న మాఘమాసంలో ఒక్కసారి వచ్చారు, అక్కాచెల్లెళ్ళిద్దరూ. కింది అంతస్తులో వెనకాల అదే చోట కూర్చున్నారు. మాణిక్యాంబ నొసట చిన్న కుంకుమబొట్టు. వంతెనలకు వీపు పెట్టి, గోదారిని మరిచిపోయి, ఎవరి పెళ్ళిలోనో గుత్తొంకాయ కూర మాడిపోయిన సంగతి చెప్పుకుని నవ్వుకుంటున్నారు. పడవ తిరిగే వేళ కొండబాబు అలవాటుగా నన్ను తీసుకెళ్ళి చాపాడు.

"దుర్భిణి అండి అమ్మగారూ."

ఆవిడ నా వంక చూసింది. చెల్లెలి మాటకు 'ఊఁ' కొడుతూనే, వేలి కొసతో నా బందును ఒక్కసారి నిమిరింది. "ఇప్పుడొద్దు బాబూ," అని మళ్ళీ అటు తిరిగింది. కొండబాబు నన్ను పెట్టెలో పెట్టి మూత వేశాడు. చీకట్లో పడుకుని, ఒడ్డు చేరేదాకా వాళ్ళ నవ్వులు వింటూ ఉన్నాను.